హాజరు పట్టీ

కొత్తవాడల మా గల్లీ మోరీ మీద
బండ ఒకటి ఊగుతది.
దాన్ని దాటితే సంఘం షెడ్డు.
ఊగిన చప్పుడును బట్టి
వచ్చింది ఎవరో చెప్తడు చిట్టిమల్లు తాత.
చూపు పోయి ఆరేండ్లు,
లెక్క మాత్రం తప్పడు.

నేను హాజరు రాస్తా.
మొదట్ల పదకొండు పేర్లు,
పదకొండూ మగ్గం ఉన్నోళ్లయి.

ఆ ఎండకాలం పట్నం సారు వచ్చి
గోడకు మ్యాపు తగిలిచ్చి
మా వాడ చుట్టూ ఎర్ర గీత గీసిండు.
'వెనుకబడ్డ ప్రాంతం' అన్నడు.
'ఎవరి వెనుక సారూ?' అని అడిగింది ఓదెమ్మ.
సారు మంచినీళ్లు తాగిండు.

ఏం చెప్తడు పాపం.
మిల్లు కూత బందయినంక
ఏ పొయ్యి ఎప్పుడు ముట్టియ్యాల్నో
మాకే తెలువకుండ పోయింది.
భీవండి రైలెక్కినోళ్ల మగ్గం గుంతలల్ల
ఉల్లిగడ్డలు ఆరబోసుకున్నం.

పైసలైతే వచ్చినయి.
రంగుల గాబు, నీళ్లు వడగట్టే మిషను,
తెల్లగ మెరిసే కరెంటు మీటరు.
'మగ్గం లేనోళ్లకు సంఘంల ఏం పని?'
అన్నడు సదానందం.
చెడ్డోడు కాదు.
వాళ్ల నాయిన కూడ అదే అన్నడట.

ఓదెమ్మ పోయి గోనెసంచి తెచ్చి
టేబులు మీద కుమ్మరిచ్చింది.
కండెలు. నాలుగొందల చిల్లర.
'ఇయి నీ మగ్గమే చుట్టుకున్నదా?'
'అది ఇంటి పని కదనే.'
'అయితే ఇయాల్టి సంది ఇంట్లనే ఉంటయి.'

మూడు దినాలు
నాడె ఖాళీ కడుపుతోని అటు ఇటు ఉరికింది.
పేక లేని పడుగు
ఎంతసేపు బిగుసుకోని కూసుంటది?

నాలుగోనాడు స్కేలు పెట్టి
పదకొండు కింద కొత్త గీతలు కొట్టిన.

ఓదెమ్మ. పని: కండెలు.
యాకూబీ. పని: రంగు ముంచుడు, పిండుడు.
చాందీ. ఎనుమాముల మార్కెట్ల
మిర్చి తొడిమెలు తీసి తీసి వచ్చింది,
ఆమె ముట్టిన నూలు వాసన చూస్తే
నెల దాక తుమ్ములే.
చిట్టిమల్లు. పని ఏం రాయాల్నో తోచలే.
జంపఖానా అంచు పట్టుకోని
వేళ్లతోనే ముడి దొరకబడ్తడు,
కండ్లున్నోళ్లం విడిచిపెట్టిన ముడి.
'తడుముడు' అని రాసిన.

కండెకు ఇంత కూలి అని రాసేటప్పుడు
సదానందం పెన్ను జరంతసేపు ఆగింది.
ఏడాది లాభంల అందరికి వంతు అన్న కాడ
ఇంకా ఎక్కువసేపు ఆగింది.
రాసిండు.

అబద్ధం ఎందుకు,
మోరీ ఇంకా పొంగుతనే ఉన్నది.
శ్రావణంల షెడ్డు నిండా మోకాలు లోతు నీళ్లు,
గుంతలకెల్లి చెంబులతోని తోడినం,
రెండు మూటల నూలు మురిగింది.
ఇంకొకటి: గల్లీ బాగుపడుతున్నదని
యాకూబీ ఇంటి ఓనరు
కిరాయి ఐదొందలు పెంచిండు.
గల్లీ బాగైతే గల్లీల మేముంటమా?
పోయిన మీటింగుల అదొక్కటే ముచ్చట.
రాత్రి పది దాక తేలలే.
చాయ్ పైసలు మాత్రం సంఘం ఖాతాలకెల్లి ఇచ్చినం.

మొన్న బండ ఊగింది.
'బూట్లు' అన్నడు తాత.

సారే.
చేతుల కొత్త మ్యాపు.
'ఈసారి ఎర్ర గీత తీసేసి
ఆకుపచ్చ గీత గీస్తం' అన్నడు సంబురంగ.

ఓదెమ్మ నా చేతుల రిజిస్టరు గుంజుకోని
ఆయన ముందట తెరిచి పెట్టింది.
అట్ట దాక నిండిపోయి ఉన్నది.

'గీతలు ఇండ్ల గియ్యి సారూ,
గడప కాడ ఇంకా తొమ్మిదిమంది నిలబడ్డరు.'